గడువులోపే ఆఖరి పేజీ: డిజిటల్ గ్రంథాలయం పుస్తకాలు తెచ్చుకుని చదవడం ఎలా?

పుస్తకాలు చదివే మిత్రులు ఎవరు కలిసినా ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఫోనులో లైబ్రరీ పుస్తకం తీసుకున్నామని, సగం చదివేసరికి అది కనబడకుండా పోయిందని, మళ్లీ వెతికితే దొరకడం లేదని, దీన్ని సరిగా వాడుకునే పద్ధతి ఏదో చెప్పమని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన మాటలనే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల నుంచి, గడువు తేదీ ముద్ర వేయించుకుని పుస్తకం ఇంటికి తెచ్చుకున్న వారికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. కాగితం పుస్తకం ఆలస్యమైతే జరిమానా కట్టి బయటపడవచ్చు, డిజిటల్ పుస్తకం మాత్రం గడువు తీరిన నిమిషాన, మీరు వాక్యం మధ్యలో ఉన్నా సరే, తనంతట తానే వెళ్లిపోతుంది. అందుకే ఇందులో పుస్తకం తీసుకోవడం చిన్న పని, గడువులోపు చదవగలిగేలా తీసుకోవడమే పెద్ద పని.

కావలసినవి

ఒక ఫోను లేదా ట్యాబ్లెట్ ఉండాలి. పాత తెలుగు పుస్తకాలే ఎక్కువగా చదివేవారైతే పది అంగుళాల తెర ఉన్న ట్యాబ్లెట్ మేలు, ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను. మీరు రోజూ తెరిచి చూసే ఈమెయిల్ ఒకటి ఉండాలి, ఎందుకంటే గడువు, వరుస వంటి కబుర్లన్నీ దానికే వస్తాయి. ఇంట్లో వైఫై ఉంటే సౌకర్యం, లేకపోయినా పని ఆగదు. వీటితో పాటు ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను పక్కన పెట్టుకోండి. ఇవి చూసి చాలామంది నవ్వుతారు కానీ, చివరికి ఎక్కువ అక్కరకు వచ్చేవి ఇవే.

చేయవలసిన పద్ధతి

1. మీకు ఏ గ్రంథాలయం పనికివస్తుందో ముందుగా తేల్చుకోండి.

అన్నిటికీ ఒకే చోటు లేదు. పాత తెలుగు పుస్తకాలు, అచ్చులో దొరకని పుస్తకాలు కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైటు మొదటి చోటు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి గడువు లేదు, నేరుగా దించుకోవచ్చు. గడువు పెట్టి అరువిచ్చే పుస్తకాలు అదే సైటులో వేరుగా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషువి.

పాఠ్యపుస్తకాలు, పరిశోధన గ్రంథాలు వెతికేవారికి ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఉపయోగపడుతుంది. అయితే ఇది చాలావరకు దారి చూపే సూచిక మాత్రమే. పుస్తకం అసలు వేరే సంస్థ సైటులో ఉంటుంది, అది తెరుచుకుంటుందా లేదా అన్నది ఆ సంస్థ నిబంధనలను బట్టి ఉంటుంది. డిగ్రీ కాలేజీలో చదువుతున్న వారు, పాఠాలు చెబుతున్న వారు తమ కాలేజీకి ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఈ-పుస్తకాలు, పరిశోధన పత్రికలు అందించే పథకం) సభ్యత్వం ఉందేమో లైబ్రేరియన్‌ను ఒక్కసారి అడగండి. సభ్యత్వం ఉండి, యూజర్ ఐడీ అడగక ఊరుకున్న విద్యార్థులను చాలామందిని చూశాను.

కొత్త ఇంగ్లీషు నవలలు, ఆడియో పుస్తకాలు కావాలంటే లిబ్బీ యాప్ ఉంది. యాప్ ఉచితమే కానీ అందులో పుస్తకాలు కావు ఉండేవి, తలుపు మాత్రమే. ఆ తలుపు తీయడానికి లిబ్బీతో ఒప్పందం ఉన్న ఏదో ఒక గ్రంథాలయం కార్డు మీ పేరున ఉండాలి. పిల్లల కోసమైతే నేషనల్ బుక్ ట్రస్ట్ నిర్వహించే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ ఉచితంగా దొరుకుతుంది. అందులో 3 నుంచి 18 ఏళ్ల వారికి నాలుగు వయోవర్గాలుగా పుస్తకాలు సర్ది పెట్టారు, తెలుగు కూడా ఉంది.

2. ఖాతా తెరవండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అయితే ఈమెయిల్, పాస్‌వర్డ్, ఒక పేరు ఇస్తే సరిపోతుంది. మెయిల్‌కు వచ్చిన లంకెను నొక్కితేనే ఖాతా పనిచేస్తుంది. అది కనబడకపోతే స్పామ్ పెట్టెలో చూడండి. బ్యాంకుకు వాడే పాస్‌వర్డ్‌ను ఇక్కడ వాడవద్దు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి సుమారు 3.1 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పోయాయి. అప్పటికే ఖాతా ఉండి, ఇంకా పాస్‌వర్డ్ మార్చుకోని వారు ఈ పేజీ మూసి ముందు ఆ పని చేయండి.

3. పుస్తకాన్ని నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకండి.

"తెలుగు పుస్తకాలు ఏమీ లేవండీ" అనే ఫిర్యాదులో పదికి తొమ్మిది వంతులు ఇక్కడి తప్పే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్‌లకు పేర్లు తెలుగు లిపిలో కాక ఇంగ్లీషు అక్షరాల్లో నమోదయ్యాయి. ఆ నమోదు కూడా ఒక పద్ధతిలో లేదు. ఒకరు దీర్ఘానికి అక్షరాన్ని రెండుసార్లు రాశారు, మరొకరు రాయలేదు. ఒకరు 'త'కు టీ ఒక్కటే రాస్తే, ఇంకొకరు పక్కన హెచ్ చేర్చారు.

ఉదాహరణకు మన బమ్మెర పోతన భాగవతం కోసం వెతుకుతున్నారనుకోండి. తెలుగు లిపిలో కొడితే కొన్ని ప్రతులు వస్తాయి. పోతన పేరును టీ ఒక్కదానితో ఒకసారి, టీహెచ్‌తో ఒకసారి, మొదటి ఓకారానికి రెండు ఓలు పెట్టి ఇంకోసారి కొట్టండి, ప్రతిసారీ వేరే ప్రతులు బయటపడతాయి. భాగవతం అన్న మాటను 'ము'తో ముగించి కూడా చూడండి, పాత ముద్రణలు దాదాపు అన్నీ 'భాగవతము' అనే నమోదై ఉంటాయి. రచయిత పేరుతో దొరకనిది పుస్తకం పేరులోని ఒక్క మాటతో దొరకవచ్చు. ఎడమవైపు భాషల జాబితాలో తెలుగును ఎంచుకుంటే వడపోత సులభమవుతుంది కానీ, భాష తప్పుగా నమోదైన పుస్తకాలు కొన్ని అప్పుడు తప్పిపోతాయి. అందుకే ఒకసారి వడపోత తీసేసి కూడా వెతకాలి.

దొరికిన పుస్తకం చిరునామాలో 'ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015' అని ఉండి, దాని వెనుక ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను నోటుపుస్తకంలో రాసుకోండి. పేరుతో రెండోసారి వెతికితే దొరకని పుస్తకం ఆ సంఖ్యతో తప్పకుండా దొరుకుతుంది.

4. చదవడం మొదలుపెట్టే ముందు స్కాన్‌ను పరీక్షించండి.

ఈ మెట్టును దాటేసి, రెండు వందల పేజీలు చదివాక నష్టపోయిన అనుభవం నాది. ఒక పాత నవల 96వ పేజీ నుంచి ఒక్కసారిగా 113వ పేజీకి దూకింది. మధ్యలో సరిగ్గా 16 పేజీలు లేవు. పుస్తకాలు 16 పేజీల ఫారాలుగా అచ్చయి, ఆ ఫారాలను కలిపి కుట్టడం వల్ల, ఒక ఫారం ఊడిపోయిన ప్రతిని స్కాన్ చేస్తే ఇలాగే అవుతుంది. కథలో అసలు మలుపు ఆ ఫారంలోనే ఉందని తర్వాత ఒక మిత్రుని దగ్గర కాగితం ప్రతి చూశాక తెలిసింది.

పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. ముందుగా విషయసూచిక తెరిచి చివరి అధ్యాయం ఏ పేజీలో మొదలవుతుందో చూసి, నేరుగా ఆ పేజీకి వెళ్లండి. తర్వాత పుస్తకంలో అక్కడక్కడా అయిదారు చోట్ల తెరిచి, తెర అడుగున సైటు చూపే సంఖ్యకు, పేజీ మీద అచ్చయిన సంఖ్యకు మధ్య ఉన్న తేడాను గమనించండి. ముందుమాట, అట్ట వగైరాల వల్ల మొదట పదో పన్నెండో తేడా ఉండడం సహజం. ఆ తేడా చివరిదాకా ఒకేలా ఉంటే పుస్తకం నిండుగా ఉన్నట్టు. మధ్యలో తేడా తగ్గితే పేజీలు పోయాయి, పెరిగితే కొన్ని పేజీలు రెండుసార్లు స్కాన్ అయ్యాయి. పేజీ అంచున అక్షరాలు తెగిపోయాయా, ఎదుటి పేజీ సిరా వెనక నుంచి కనబడుతోందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ప్రతి బాగా లేకపోతే అదే పుస్తకం మరో స్కాన్ ఉందేమో మూడో మెట్టుకు వెళ్లి వెతకండి, ప్రసిద్ధమైన పుస్తకాలకు రెండు మూడు ప్రతులు సాధారణంగా ఉంటాయి.

5. గడువుకు లెక్క వేయండి.

మీ చదువు వేగం ముందు తెలియాలి. అదే పుస్తకాన్ని తెరిచి, గడియారం పెట్టుకుని, పావుగంట మామూలుగా చదివి ఎన్ని పేజీలైందో చూడండి. తెర మీద చదివే వేగం కాగితం మీది కన్నా తక్కువ కావచ్చు, కాబట్టి పాత అంచనా మీద ఆధారపడవద్దు. 320 పేజీల నవలకు 14 రోజుల గడువు ఉందనుకుంటే, పెళ్లికో ఊరికో పోయే రెండు రోజులు పక్కన పెట్టి 12తో భాగించండి. రోజుకు 27 పేజీలు పడుతుంది. పావుగంటకు మీ వేగం 7 పేజీలైతే రోజుకు గంట కేటాయించాలి. ఆ గంట మీకు దొరకదని ముందే తెలిస్తే ఆ పుస్తకాన్ని ఇప్పుడు తీసుకోకండి, కోరికల జాబితాలో పెట్టి చిన్న పుస్తకం తీసుకోండి.

6. అరువు రకం చూసి తీసుకోండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో రెండు రకాల అరువు ఉంది. ఒకటి గంటసేపు ఇచ్చేది, రెండోది 14 రోజులు ఇచ్చేది. రెండో బటన్ అన్ని పుస్తకాలకూ కనబడదు, సంస్థ దగ్గర ఒకటికి మించి ప్రతులున్న పుస్తకాలకే ఉంటుంది. గంట అరువు చూసి బెదిరిపోనక్కరలేదు. మీరు పేజీలు తిప్పుతూ చదువుతున్నంతసేపు అది పొడిగింపు పొందుతూ ఉంటుంది. పుస్తకం తెరిచిపెట్టి చాయ్ పెట్టుకోవడానికి వెళ్లి, వాకిట్లో ఎవరితోనో మాటల్లో పడితే, తిరిగి వచ్చేసరికి అది మరొకరి చేతికి పోయి ఉండవచ్చు. నాలుగో మెట్టులో చెప్పిన పరీక్షకు ఈ గంట అరువునే వాడుకోండి, నచ్చితే, వీలుంటే, 14 రోజులకు తీసుకోండి.

లిబ్బీలో గడువు 7, 14, 21 రోజులుగా ఉంటుంది, ఏది దొరుకుతుందో కార్డు ఇచ్చిన గ్రంథాలయాన్ని బట్టి ఉంటుంది. పుస్తకం ఎవరి దగ్గరో ఉంటే వరుసలో పేరు రాయించుకోవచ్చు. వంతు వచ్చినట్టు కబురు అందాక తీసుకోవడానికి మూడు రోజుల సమయం ఇస్తారు. అందరూ చేసే తప్పు ఏమిటంటే, ఉత్సాహంగా పది పుస్తకాలకు వరుసలో నిలబడడం. నెలల తరబడి ఒక్కటీ రాదు, ఒకే వారంలో నాలుగు వచ్చి పడతాయి. అప్పుడు కంగారుపడి అన్నీ తీసుకోకుండా, 'తర్వాత పంపండి' అనే అవకాశాన్ని ఎంచుకోండి. వరుసలో మీ చోటు పోకుండా, మీరు కోరిన రోజుల తర్వాత పుస్తకం మళ్లీ మీ ముందుకు వస్తుంది. గడువు పొడిగింపు బటన్ చివరి మూడు రోజుల్లోనే కనబడుతుంది, మీ వెనుక ఎవరూ వరుసలో లేకపోతేనే పనిచేస్తుంది.

7. చదివేటప్పుడు తెరను సర్దుకోండి.

స్కాన్ చేసిన పుస్తకం నిజానికి ఫొటోల కట్ట. అందువల్ల ఫోనులో అక్షరాన్ని పెద్దది చేస్తే పేజీ మొత్తం పెద్దదై, వరుస చివరలు తెర బయటికి పోతాయి. పెద్ద తెర మేలని అన్నది ఇందుకే. ఫోను మాత్రమే ఉన్నవారు దాన్ని అడ్డంగా తిప్పి, ఒకే పేజీ కనబడే పద్ధతిని ఎంచుకుని, పేజీ వెడల్పు తెర వెడల్పుకు సరిపోయేలా పెట్టుకుంటే పైనుంచి కిందికి జరుపుకుంటూ హాయిగా చదవవచ్చు. లిబ్బీలో దొరికే ఈ-పుస్తకాలు ఎక్కువగా అక్షర రూపంలోనే ఉంటాయి కాబట్టి అక్షరం ఎంత పెద్దది చేసినా వరుసలు తమంతట తామే సర్దుకుంటాయి.

పుస్తకంలో మాట వెతికే సౌకర్యాన్ని తెలుగు స్కాన్‌ల విషయంలో నమ్మవద్దు. యంత్రం తెలుగు అక్షరాలను, ముఖ్యంగా వత్తులను, గుణింతాలను తప్పుగా చదివిన పుస్తకాలు చాలా ఉన్నాయి. మాట దొరకలేదంటే అది పుస్తకంలో లేదని అర్థం కాదు. గట్టిగా చదివి వినిపించే బటన్ కూడా అదే అక్షరాల మీద ఆధారపడుతుంది కాబట్టి, తెలుగులో అది వినిపించేది ఒక్కోసారి ఏ భాషో కూడా తెలియదు.

8. ప్రయాణానికి ముందు విమానం మోడ్‌లో పరీక్షించండి.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ చేరేలోపు రెండు గంటలు చదువుకోవచ్చని అనుకునేవారు దీన్ని తప్పక గుర్తుపెట్టుకోవాలి. బ్రౌజర్‌లో తెరిచిన అరువు పుస్తకానికి ప్రతి పేజీకీ నెట్ కావాలి. జనగామ దాటాక సిగ్నల్ పోతే పేజీ తెల్లగా నిలబడిపోతుంది, ఆ లోపల గంట అరువు కూడా తీరిపోవచ్చు. ప్రయాణానికి లిబ్బీలో దించి పెట్టుకున్న పుస్తకాన్నో, కాపీరైట్ తీరిన పాత పుస్తకం పీడీఎఫ్‌నో వెంట ఉంచుకోండి. దిగిందో లేదో తెలుసుకోవాలంటే ఇంట్లోనే ఫోనును విమానం మోడ్‌లో పెట్టి, పుస్తకం మధ్యలో ఒక పేజీని, చివరి పేజీని తెరిచి చూడండి. మొదటి పేజీ తెరుచుకున్నంత మాత్రాన పుస్తకం అంతా దిగినట్టు కాదు.

9. నచ్చిన మాటలను చేత్తో రాసుకోండి.

లిబ్బీలో పెట్టిన గుర్తులు, రాసిన నోట్సు పుస్తకం వెళ్లిపోయాక కూడా మీ ఖాతాలో మిగులుతాయి. మిగతా చోట్ల ఆ భరోసా లేదు. ప్రతిరోజూ ఆపే ముందు పేజీ మీద అచ్చయిన సంఖ్యను నోటుపుస్తకంలో రాయండి. ప్రతి మారినా, పుస్తకం మళ్లీ దొరికే దాకా నెలలు గడిచినా ఆగిన చోటు నుంచే అందుకోవచ్చు.

10. చదవడం అయిపోతే గడువు కోసం ఎదురుచూడకుండా తిరిగి ఇచ్చేయండి.

తానే వెళ్లిపోయే పుస్తకాన్ని ఇవ్వడం ఎందుకని అడుగుతారు. మీరు ఇచ్చిన నిమిషం నుంచే వరుసలో ఉన్న తర్వాతి వ్యక్తికి వంతు మొదలవుతుంది. 'పరహస్తం గతం గతః' అని వాపోయిన మన పెద్దలకు ఈ ఏర్పాటు బాగా నచ్చి ఉండేది.

ఎక్కువమంది అడిగే మూడు సంగతులు

*నిన్న ఉన్న పుస్తకం ఇవాళ లేదు, నా తప్పా?* కాకపోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు 2020లో అమెరికాలో దావా వేశాయి. 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కూడా వారి పక్షానే తీర్పు ఇచ్చింది. ఈ వ్యాజ్యం ఫలితంగా 5 లక్షలకు పైగా పుస్తకాలను అరువు జాబితా నుంచి తొలగించారు. ముందుగా మీ ఖాతాలో అరువుల జాబితా చూడండి. గడువు తీరి ఉంటే మళ్లీ తీసుకోవచ్చు. పుస్తకం పేజీ ఉండి, తీసుకునే బటన్ మాత్రం పూర్తిగా పోయి ఉంటే తొలగించిన పుస్తకమై ఉంటుంది, దాని కోసం రోజులు వృథా చేయకండి.

*మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అతని లైబ్రరీ కార్డు నంబరుతో ఇక్కడ చదువుకోవచ్చా?* హనుమకొండలో ఈ ప్రశ్న అడగని ఇల్లు తక్కువ. నంబరు కొడితే యాప్ తెరుచుకుంటుంది, అది నిజమే. కానీ కార్డు అతని పేరున, ఆ ఊరి నివాసిగా ఇచ్చినది. దాన్ని మరొకరికి ఇవ్వవచ్చా లేదా అన్నది ఆ గ్రంథాలయం నిబంధనల్లో రాసి ఉంటుంది, ముందు అది చదవమని అబ్బాయికే చెప్పండి. పైగా ఒకే కార్డు మీద ఇద్దరు చదివితే అబ్బాయి వరుసలో పెట్టుకున్న పుస్తకాల సంఖ్యకు మీవి అడ్డుపడతాయి. కొన్ని గ్రంథాలయాలు వార్షిక రుసుము తీసుకుని బయటి వారికీ కార్డు ఇస్తాయి, అడిగి చూడడంలో తప్పులేదు.

*వాట్సాప్ గుంపులో వచ్చిన పీడీఎఫ్ ఉండగా ఈ గడువుల తంటా ఎందుకు?* మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. ఆ గడువు దాటిన పుస్తకాలను ఎంతమందికైనా పంపుకోవచ్చు, దాటనివి పంపకూడదు. అయిదు వందల ప్రతులు వేయించి, అవి అమ్ముడుపోక ఇంట్లో కట్టలుగా పేర్చుకున్న రచయితలు మన జిల్లాల్లోనే ఉన్నారు. వారి పుస్తకం గుంపులో కనబడితే దించుకోకుండా వారికే ఫోను చేసి ఒక ప్రతి కొనండి, చాలామంది సంతకం పెట్టి మరీ పంపుతారు.

చూపు మందగించి అచ్చు చదవలేని పెద్దలు ఇంట్లో ఉంటే పై మెట్లన్నీ వారికి ఇబ్బందే. అటువంటి వారి కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. అచ్చు చదవలేని వారికి మాత్రమే అందులో సభ్యత్వం ఇస్తారు కాబట్టి, దరఖాస్తు చేసే ముందు వైకల్య ధ్రువీకరణ పత్రం స్కాన్ కాపీని సిద్ధంగా పెట్టుకోండి.